ఊరి శివార్ల దాకా తింటూ తిరగడం ఎలా?

ఏ నగరంలోనైనా ఫోన్ తీసి 'దగ్గర్లో మంచి హోటళ్లు' అని వెతికితే అందరికీ దాదాపు అవే పేర్లు వస్తాయి. రేటింగ్ ఎక్కువున్నవి పైన కనిపిస్తాయి, పైన కనిపించినవాటికే జనం వెళ్తారు, వెళ్లినవాళ్లు మళ్లీ వాటికే రేటింగ్ ఇస్తారు. ఈ వరసలోకి రాని హోటళ్లు వందల్లో ఉంటాయి. బోర్డు మీద రంగు వెలిసిపోయినవి, యజమానికి ఫొటోలు పెట్టే తీరిక లేనివి, చుట్టుపక్కల రెండు వీధులవాళ్లకు తప్ప తెలియనివి. అన్నీ బాగుంటాయని ఎవరూ చెప్పలేరు. కానీ రోజూ వచ్చే మనుషుల మీదే బతికే హోటల్లో వంట చెడిందంటే గిరాకీ వెంటనే పడిపోతుంది. కాబట్టి అలాంటిచోట ఏళ్ల తరబడి పొయ్యి వెలుగుతోందంటే దానికో కారణం ఉండే ఉంటుంది.

ఇలాంటివాటిని వెతకడానికి ఒక పద్ధతి ఉంది. హోటల్ సంగతి తర్వాత, ముందు ఒక రోడ్డును ఎంచుకోండి.

ఒక దారి పట్టుకోండి

జొనాథన్ గోల్డ్ అని లాస్ ఏంజెలెస్‌లో ఒక ఆహార విమర్శకుడు ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు ఆయన పీకో బూలెవార్డ్ అనే రోడ్డు పొడవునా ఉన్న హోటళ్లన్నిటిలోనూ తినాలని పెట్టుకున్నారు. నగరం నడిబొడ్డు నుంచి సముద్రం దాకా 20 కిలోమీటర్లకు పైగా సాగే రోడ్డు అది. రకరకాల దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల పేటల మధ్యగా వెళ్తుంది. తర్వాతి కాలంలో ఆయన పేరు మోగింది కూడా ఇలాంటి చిన్న హోటళ్ల గురించి రాసినందుకే. 2007లో విమర్శకు ఇచ్చే పులిట్జర్ బహుమతి ఆయనకు వచ్చింది. ఆహారం గురించి రాసేవారికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

మీరు ఆయనలా ప్రతి గడపా ఎక్కాల్సిన పని లేదు. కానీ రోడ్డును పట్టుకుని వెళ్లడంలో ఒక లాభం ఉంది. 'ఈ ఆదివారం ఎక్కడికి?' అని అరగంట చర్చ ఉండదు. పోయినసారి ఎక్కడ ఆగారో అక్కడి నుంచి మొదలుపెడతారు. బయటి నుంచి చూసి మామూలుగా అయితే లోపలికి అడుగుపెట్టని హోటళ్లకు కూడా ఒక అవకాశం దొరుకుతుంది.

ఎలాంటి రోడ్డు? పాత బజారు దగ్గర మొదలై శివార్ల వైపు వెళ్లేది. పొడవునా బస్సో రైలో ఉండేది. దారిలో కనీసం రెండు మూడు రకాల పేటలు తగిలేది: ఒకచోట హోల్‌సేల్ మార్కెట్, ఒకచోట పెద్దాసుపత్రి, ఇంకోచోట కార్మికులు అద్దెకుండే ఇళ్లు. వేగంగా కార్లు పోయే హైవే పనికిరాదు, దాని పక్కన ఎక్కువగా ఒకే పేరుతో ఊరూరా ఉండే గొలుసు హోటళ్లే ఉంటాయి.

రోడ్డు బదులు రైలు లైను కూడా పెట్టుకోవచ్చు. న్యూయార్క్‌లో మన్‌హాటన్ నుంచి క్వీన్స్‌లోని ఫ్లషింగ్ దాకా వెళ్లే 7వ నంబరు మెట్రో ఇందుకు ప్రసిద్ధి. ఒక స్టేషన్లో దిగితే దక్షిణాసియా వంటలు, లాటిన్ అమెరికా వంటలు, చివరి స్టేషన్లో దిగితే చైనా, కొరియా వంటలు. మీ ఊళ్లో ఇంత వైవిధ్యం ఉండకపోవచ్చు, పద్ధతి మాత్రం అదే. ఒక్కో స్టేషన్లో దిగి, పది నిమిషాల నడకలో ఏమేం ఉన్నాయో చూసి, ఒకటో రెండో చోట్ల తిని, మళ్లీ రైలెక్కడం.

శివార్లే ఎందుకు?

అద్దె వల్ల. నగరం మధ్యలో చదరపు అడుగు అద్దె ఎక్కువ కాబట్టి అక్కడి హోటల్ అందరికీ నచ్చేదే వండాలి, లేదా బాగా ఎక్కువకు అమ్మాలి. పైగా ఆఫీసు పని మీదో, ఊరు చూడటానికో వచ్చి ఒక్కసారి తిని వెళ్లిపోయేవాళ్లే అక్కడ ఎక్కువ. వాళ్లు మళ్లీ రాకపోయినా వాళ్ల స్థానంలో ఇంకొకరు వస్తారు. శివార్లలో అద్దె తక్కువ. ఓ వందమంది రోజువారీ మనుషులుంటే హోటల్ నడిచిపోతుంది. వాళ్లందరూ ఒకే ప్రాంతం నుంచి వచ్చినవాళ్లయితే, వంటవాడు కారం తగ్గించక్కర్లేదు, పులుపు తగ్గించక్కర్లేదు, తమ ఊళ్లో వండినట్టే వండొచ్చు.

వలస వచ్చినవాళ్లు ఎక్కువగా అద్దె తక్కువున్న చోటే దిగుతారు, వాళ్ల వెనకే వాళ్ల వంటా వస్తుంది. పడమటి లండన్లోని సౌతాల్‌కు పంజాబీలు, సిడ్నీ పడమటి శివారు కాబ్రమట్టకు వియత్నామీయులు, లాస్ ఏంజెలెస్ తూర్పున ఉన్న మాంటెరే పార్కుకు చైనీయులు వలస వచ్చినవాళ్లే. తినడానికి ఈ పేటలకు జనం ఊరంతా దాటి వెళ్తారు.

అయితే ప్రతి శివారూ ఇలా ఉండదు. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ల కింద అద్దాల షాపులున్న చోట ఆశలు పెట్టుకోవద్దు. కట్టినవాళ్లకు పేరున్న బ్రాండ్లు అద్దెకు రావడమే ఇష్టం, ఒంటరి వంటవాడికి అక్కడి అడ్వాన్సు కట్టడమే కష్టం. మీరు చూడాల్సింది పాత కాంప్లెక్సులు: పక్కన టైర్ల షాపు, పైన ట్యూషన్ సెంటర్, మెట్ల కింద జిరాక్స్ మెషిన్ ఉండే రకం.

ఇంట్లోనే సగం పని

బయలుదేరే ముందు రోజు ఓ గంట మ్యాప్‌తో కూర్చోండి. మొదటి సంగతి: మ్యాప్‌ను బాగా దగ్గరికి లాగి చూడండి. దూరం నుంచి చూస్తే చిన్న హోటళ్లు అసలు కనపడవు, యాప్ వాటిని దాచేసి పెద్దవాటినే చూపిస్తుంది. వీధి పేర్లు చదవగలిగేంత దగ్గరికొస్తే అప్పుడు ఒక్కొక్కటే బయటపడతాయి.

రెండోది: 'రెస్టారెంట్' అనే మాట ఒక్కటే వెతక్కండి. ఆ ఊరివాళ్లు తిండి దుకాణాన్ని ఏమంటారో ఆ మాటతో, వాళ్ల లిపిలో వెతకండి. పేరు ఇంగ్లిషులో రాసుకోని హోటళ్లు అప్పుడే వస్తాయి.

ఆ తర్వాత హోటళ్లను వదిలేసి, తినాల్సిన అవసరం ఉన్న మనుషులు ఎక్కడుంటారో చూడండి. కూరగాయల హోల్‌సేల్ మార్కెట్ అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది, అక్కడ తెల్లవారుజామునే వేడి భోజనం దొరుకుతుంది. బస్ డిపో, కోర్టు, ఆసుపత్రి, కాలేజీ, ఫ్యాక్టరీ గేటు, వీటన్నిటి చుట్టూ అంతే. నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు కిరాణా కొట్టు. ఒక ప్రాంతంవాళ్ల మసాలాలు, పప్పులు, నూనెలు అమ్మే కొట్టు ఉందంటే ఆ వంట వండుకునేవాళ్లు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్లున్నచోట వాళ్ల హోటల్ కూడా ఉంటుంది. మ్యాప్‌లో దొరక్కపోతే కొట్టువాడినే అడగండి, 'మీరు మధ్యాహ్నం ఎక్కడ తింటారు?' అని. వంట దినుసులు అమ్మేవాడికి వంట గురించి గట్టి అభిప్రాయాలుంటాయి.

కనపడినవన్నీ ఒక లిస్టులో సేవ్ చేసుకోండి. ఆ దారికి పనికొచ్చే మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. ఒకే అడ్రసు మీద నాలుగైదు పేర్లు, నాలుగైదు రకాల వంటలు కనిపిస్తే, కూర్చునే చోటు ఫొటో ఒక్కటీ లేకపోతే, అది డెలివరీకే వండే వంటగది అయ్యుండొచ్చు. అక్కడిదాకా వెళ్తే షట్టరు, బయట బైకుల మీద డెలివరీ కుర్రాళ్లు తప్ప ఏమీ కనపడరు.

రివ్యూలను నమ్మేదెంత?

అంకె కన్నా ఎంతమంది ఇచ్చారన్నది ముఖ్యం. పన్నెండు మంది ఇచ్చిన 4.9 కన్నా తొమ్మిది వందల మంది ఇచ్చిన 4.2 గట్టిది. పన్నెండు మందిలో సగం యజమాని బంధువులే కావచ్చు, తొమ్మిది వందల బంధువులు ఎవరికీ ఉండరు. ఒకే వారంలో వరసగా వచ్చిన ఐదు స్టార్లు, వాటి కింద ఒక్క మాటా లేకపోవడం కూడా అనుమానించాల్సిన విషయమే.

రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదవండి. వంటవాడు మారితే హోటల్ మారిపోయినట్టే, మూడేళ్ల కిందటి పొగడ్త ఇప్పుడు ఎందుకూ కొరగాదు. ఫిర్యాదులు చదివేటప్పుడు తిండి గురించినవి ఏవో, మిగతావి ఏవో విడదీయండి. 'కుర్చీలు బాలేవు', 'ఓనరు నవ్వడు', 'పార్కింగ్ లేదు', 'మెనూ వాళ్ల భాషలోనే ఉంది' అని తక్కువ స్టార్లు పడితే నేను ఆ హోటల్‌ను లిస్టులోంచి తీసేయను, సరికదా ఇంకాస్త పైకి జరుపుతాను. 'వాసనొచ్చింది', 'కడుపు నొప్పి వచ్చింది', 'బిల్లులో తినని ఐటమ్ వేశారు' అన్నవి వేర్వేరు మనుషుల నుంచి వేర్వేరు నెలల్లో వస్తే మాత్రం కొట్టేయండి.

మాటల కన్నా ఫొటోలు ఎక్కువ చెప్తాయి. యజమాని పెట్టినవి వదిలేసి జనం పెట్టినవి చూడండి. యాభై ఫొటోల్లో ఒకే వంటకం ఇరవై సార్లు కనిపిస్తే, అక్కడ ఆర్డరు చేయాల్సింది అదే. మెనూ ఫొటో ఉంటే తారీఖు చూసుకోండి, ధరలు మారి ఉంటాయి. ఏ గంటలో ఎంత రద్దీగా ఉంటుందో చూపించే గీతలు కూడా యాప్‌లో ఉంటాయి. మధ్యాహ్నం ఒక్కటే ఎత్తుగా ఉండి రాత్రి ఏమీ లేకపోతే అది ఆఫీసులవాళ్ల హోటల్. అక్కడికి శనివారం రాత్రి వెళ్లి మిగిలిపోయింది తినకండి.

ముందు నడవండి, తర్వాత తినండి

ఆకలి మీద ఉన్నప్పుడు ఏ హోటలైనా మంచిదిగానే కనిపిస్తుంది. అందుకే భోజనాల వేళకు గంట ముందే దిగి, ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఊరికే నడవండి. ఆ సమయంలో హోటళ్లు వంట పనిలో ఉంటాయి. దుకాణం ముందు దిగుతున్నవి కూరగాయల బుట్టలా, లేక గడ్డకట్టించిన ప్యాకెట్ల డబ్బాలా అన్నది కళ్లకే కనిపిస్తుంది. అల్లం వెల్లుల్లి ఇప్పుడే వేగుతోందా, నిన్నటి నూనె కాగుతోందా అన్నది ముక్కు చెప్తుంది.

తర్వాత ఎవరు తింటున్నారో చూడండి. డ్రైవర్లు తినేచోట తిండి బాగుంటుందని చాలామంది అంటారు. సగం నిజం. డ్రైవర్లకు బండి ఆపుకునే చోటు కావాలి, టాయిలెట్ కావాలి, తొందరగా అయిపోవాలి, ఆ తర్వాతే రుచి. నేను చూసేది ఒంటరిగా తినే పెద్దవయసువాళ్లను, యూనిఫాంలో వచ్చే ఆసుపత్రి సిబ్బందిని, పిల్లలతో వచ్చిన తల్లులను. వీళ్లకు వేరే దారి ఉండి కూడా ఇక్కడికి వచ్చారు. సర్వర్ అడక్కుండానే ఒకరి ముందు ప్లేటు పెట్టాడంటే అది రోజూ వచ్చే మనిషి అని అర్థం.

క్యూను చూసి వెంటనే నిలబడకండి. చకచకా కదులుతుంటే సరే. కదలకుండా ఉండి, అందులో సగం మంది ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తుంటే, అది పోయిన వారం ఎవరో పెట్టిన రీల్ వల్ల వచ్చిన జనం. నెల ఆగి వెళ్తే వంటా కుదుటపడుతుంది, కుర్చీ కూడా దొరుకుతుంది.

ఇక మెనూ. ఇద్దరు వండే వంటగదిలో నూట ఇరవై ఐటమ్‌లు ఉన్నాయంటే సగం ఫ్రీజర్‌లోంచి వస్తున్నట్టే లెక్క. చిన్న మెనూ ఉన్నచోట సరుకు ఏ రోజుకారోజు అయిపోతుంది. సింగపూర్ హాకర్ సెంటర్లలో, అంటే చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే ప్రాంగణాల్లో, చాలా దుకాణాలు ఒకటో రెండో వంటకాలు మాత్రమే, అవీ ఏళ్ల తరబడి చేస్తాయి. మంచి హోటళ్లకు స్టార్లు ఇచ్చే మిషలిన్ గైడ్ 2016లో అలాంటి రెండు దుకాణాలకు ఒక్కో స్టార్ ఇచ్చింది. ఆ హాకర్ సంస్కృతినే యునెస్కో 2020లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. ఏ ఊళ్లోనైనా 'ఇక్కడ ఇదొక్కటే దొరుకుతుంది' అనే దుకాణం తగిలితే అనుమానించకుండా వెళ్లండి.

పెద్ద మెనూ ఉన్నా ఆశ వదులుకోనక్కర్లేదు. చాలాచోట్ల ముద్రించిన మెనూ అందరి కోసం, గోడ మీద చేత్తో రాసి అంటించిన కాగితం తమవాళ్ల కోసం. ఆ కాగితం మీ భాషలో లేకపోతే ఫోన్ కెమెరాతో అనువాదం చేయించుకోండి, తప్పులతో అయినా విషయం తెలుస్తుంది.

శుభ్రత: గోడలు కాదు, చేతులు చూడండి

పాత గోడ, విరిగిన టైలు వల్ల జబ్బు రావడం తక్కువ. శుభ్రం లేని చేతులు, మంచివి కాని నీళ్లు, చాలని వేడి, ఎక్కువగా వీటి వల్లే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఐదు సూత్రాలు ప్రచారంలోకి తెచ్చింది: శుభ్రంగా ఉంచడం, పచ్చివీ వండినవీ విడిగా పెట్టడం, పూర్తిగా ఉడికించడం, సరైన వేడిలో ఉంచడం, మంచి నీళ్లూ మంచి సరుకూ వాడటం. హోటల్లో కూర్చున్న మనిషికి వీటిలో నాలుగోది చూడటం అన్నిటికన్నా తేలిక. సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేగంగా పెరుగుతాయి. కాబట్టి వేడిగా ఉండాల్సింది పొగలు కక్కుతూ ఉండాలి, చల్లగా ఉండాల్సింది చల్లగా ఉండాలి. గోరువెచ్చగా కనిపించే గిన్నెల జోలికి పోవద్దు. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచకూడదన్నది అదే సంస్థ చెప్పే లెక్క.

అన్నం గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ అనుమానించరు. బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. ఆ అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అవి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే నిన్నటి అన్నాన్ని ఎక్కువ మంట మీద వేయించి ఇస్తున్నారంటే, ఆ అన్నం రాత్రంతా ఫ్రిజ్‌లో ఉందా, గిన్నెలో బయట ఉందా అన్నదే ప్రశ్న. జనం ఆగకుండా వచ్చే హోటల్లో ఈ సమస్య తక్కువ, గిన్నె ఖాళీ అవుతూనే ఉంటుంది.

డబ్బు తీసుకున్న చేత్తోనే తిండి అందిస్తున్నారా, చేతులు కడిగే సింకులో గిన్నెలు పేరుకుపోయి ఉన్నాయా, కోసిన పచ్చి ముక్కలు మూత లేకుండా ఉన్నాయా అన్నవి మిగతా గుర్తులు. కొత్త ఊళ్లో మొదటి రెండు మూడు రోజులు ఐస్, పచ్చి సలాడ్‌లు మానుకుంటే మంచిది.

ప్రభుత్వ గుర్తులు కూడా చూడొచ్చు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 1998 నుంచి, న్యూయార్క్ నగరంలో 2010 నుంచి తనిఖీ గ్రేడును అక్షరం రూపంలో హోటల్ బయట పెడుతున్నారు. బ్రిటన్‌లో చాలా భాగం సున్నా నుంచి ఐదు దాకా అంకెలిస్తుంది. వేల్స్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో ఆ అంకెను బయట పెట్టడం తప్పనిసరి, ఇంగ్లండ్‌లో కాదు. కాబట్టి ఇంగ్లండ్‌లో తలుపు మీద అంకె కనపడకపోతే ఇంటర్నెట్‌లో చూసుకోండి. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అయితే గ్రేడు తనిఖీ జరిగిన రోజు సంగతే చెప్తుంది, నంబరు అనుమతి ఉందని మాత్రమే చెప్తుంది. ఈ రోజు సంగతి మీ కళ్లే చెప్పాలి.

ఆర్డరు ఇవ్వడంలో ఉంది కిటుకు

రద్దీ మొదలయ్యే వేళకు లోపల ఉండండి. మరీ ముందు వెళ్తే వంట తయారై ఉండదు, ఆలస్యమైతే మంచివి అయిపోతాయి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఎక్కువ రకాలు రుచి చూడొచ్చు. నలుగురు దాటితే చిన్న హోటల్‌కు ఇబ్బంది, మీకూ బల్ల దొరకదు. ఒక్కరే అయితే కౌంటర్ పక్కన లేదా వంటగది కనిపించే చోట కూర్చోండి.

'ఏది బాగుంటుంది?' అని అడిగితే 'అన్నీ బాగుంటాయి సార్' అనే జవాబు వస్తుంది, ఏ భాషలోనైనా. 'ఇక్కడ ఎక్కువమంది ఏం తింటారు?', 'ఈ రోజు ఏం చేశారు?', 'త్వరగా అయిపోయేది ఏది?' అని అడగండి. అదీ కుదరకపోతే పక్క బల్ల మీద ప్లేటు చూపించి 'నాకూ అదే' అనండి. చాలాసార్లు ఆ పక్క బల్లవాళ్లే మాట కలిపి ఇంకేం తినాలో చెప్తారు.

మొదటిసారి రెండే చెప్పండి. ఒకటి అతి మామూలుది, ఆ హోటల్ రోజుకు వందసార్లు చేసేది: అన్నం, రొట్టె, సూప్, పప్పు లాంటిది ఏదైనా. దాన్ని శ్రద్ధగా చేస్తే మిగతావాటినీ అలాగే చేస్తారు. రెండోది వాళ్లు గర్వంగా చెప్పుకునేది. రెండూ పంచుకుని, సగం ఆకలితోనే లేచి, నాలుగు షాపుల అవతలున్న ఇంకో హోటల్‌కు వెళ్లండి. ఒక పూటలో రెండు, మహా అయితే మూడు. అంతకు మించితే నాలుకకు ఏదీ గుర్తుండదు.

శాకాహారులకు మాత్రం కొంచెం ఎక్కువ పని. 'మాంసం లేనిది' అని అడిగితే మాంసం ముక్కలు లేనిది ఇస్తారు, అంతే. మాంసం ఉడికించిన నీళ్లు, చేప సాస్, రొయ్యల ముద్ద, జంతువుల కొవ్వు, గుడ్డు, ఇవన్నీ చాలా వంటగదుల్లో 'మాంసం' లెక్కలోకి రావు. వేయించే నూనె కూడా ఒకటే అయ్యుండొచ్చు. అందుకని ఏమేం తినరో ఒక్కొక్కటి పేరు పెట్టి స్థానిక భాషలో చీటీ రాయించుకుని జేబులో పెట్టుకోండి. ఎలర్జీ ఉన్నవాళ్లకు ఈ చీటీ ఇంకా ముఖ్యం. వేరుశనగ, నువ్వులు, పాలు, గోధుమ, సోయా, చేప, రొయ్య జాతులు, జీడిపప్పు లాంటి గింజలు, గుడ్డు, వీటిలో మీకు పడనిదేదో స్పష్టంగా ఉండాలి. బ్రిటన్ లాంటి చోట్ల 14 రకాల ఎలర్జీ పదార్థాల వివరం అడిగితే హోటల్ చెప్పి తీరాలి. చాలాచోట్ల అలాంటి చట్టం పనిచేయదు. ఒక్క ముక్కకే ప్రాణం మీదికి వచ్చే ఎలర్జీ ఉంటే, వంటవాడు నేరుగా జవాబు చెప్పలేని హోటల్లో తినకండి.

మర్యాద సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. రద్దీలో తిన్నాక బల్ల ఖాళీ చేయండి. ప్లేటును ఫొటో తీసుకోండి, మనుషులను తీసే ముందు అడగండి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, కార్డు మెషిన్ లేకపోవచ్చు. టిప్పు అక్కడివాళ్లు ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి. యజమానికి వంట ఎలా చేయాలో చెప్పకండి.

రాసి పెట్టుకోండి, మళ్లీ వెళ్లండి

ఇంటికొచ్చాక గుర్తుంటుందని అనుకుంటాం, ఉండదు. బయటికి రాగానే ఫోన్లో నాలుగు ముక్కలు రాయండి: రోజు, వేళ, తిన్నవి, అయిపోయాయన్నవి, పక్క బల్ల మీద చూసి తినాలనుకున్నది. 'బాగుంది' అని రాయకండి. ఏది ఎలా బాగుందో రాయండి: పుల్లగానా, పొగ వాసనతోనా, ఉప్పు సరిపోయిందా. ఆరు నెలల తర్వాత స్నేహితుడు అడిగితే చెప్పడానికి పనికొచ్చేది అదే.

నచ్చిన చోటికి రెండోసారి వేరే వేళకు వెళ్లండి. మధ్యాహ్నం వండే మనిషి, రాత్రి వండే మనిషి ఒకరే అయ్యుండక్కర్లేదు. కొన్ని వంటకాలు వారంలో ఒక్కరోజే చేస్తారు, అది రెండోసారి వెళ్తేనే తెలుస్తుంది. నచ్చని చోటికి కూడా, శుభ్రత సమస్య కాకపోతే, ఒక్క అవకాశం ఇవ్వొచ్చు. పక్క బల్లలు నిండుగా ఉండి మీ ప్లేటు ఒక్కటే బాగోలేదంటే మీరు అక్కడ తినాల్సింది తినలేదేమో. రెండోసారి కూడా అంతే అయితే ఇక వదిలేయండి.

శివార్లకు వెళ్లేటప్పుడు తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి. చివరి బస్సు ఎన్నింటికి, రాత్రి ఆటోనో క్యాబో దొరుకుతుందా అన్నది కనుక్కోండి. చిన్న హోటళ్లు వారంలో ఒకరోజు మూస్తాయి, మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య కూడా మూస్తాయి. మ్యాప్‌లో రాసిన వేళలను పట్టుకుని గంటన్నర ప్రయాణం చేయకండి, ముందు ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తకపోతే దగ్గర్లో ఇంకో రెండు పేర్లు లిస్టులో ఉండేలా చూసుకోండి.

రివ్యూ రాయాలనిపిస్తే పనికొచ్చేది రాయండి: ఏ రోజు, ఏ వేళ వెళ్లారు, ఏది అడగాలి, డబ్బు ఎలా తీసుకుంటారు. ఆరు కుర్చీల హోటల్ అయితే వీడియో పెట్టే ముందు యజమానిని అడగడం నయం. ఒక్కసారిగా రెండు వందల మంది వచ్చి పడితే రోజూ వచ్చేవాళ్లకు చోటుండదు. ఆ రెండు వందల మంది ఇంకో చోటికి వెళ్లిపోయాక హోటల్‌కు మిగలాల్సింది ఈ రోజువారీ వాళ్లే.

లిస్టును ఆరు నెలలకోసారి సవరించండి. మూతపడినవి, చేతులు మారినవి, ధర పెంచి వంట తగ్గించినవి తీసేయండి. మీకు నచ్చిన హోటల్‌కు తాళం కనిపిస్తే ఫోన్లో 'శాశ్వతంగా మూసేశారు' అని చూసి వెనక్కి రాకండి. పక్క షాపులో అడగండి. అద్దె పెరిగి రెండు వీధుల అవతలకు మారి ఉండొచ్చు, లేదా వంటవాడు బయటికొచ్చి సొంతంగా పెట్టుకుని ఉండొచ్చు. మ్యాప్‌కు ఆ సంగతి నెలల తర్వాత తెలుస్తుంది, పక్క షాపువాడికి ముందే తెలుసు. ఆ కొత్త అడ్రసు రాసుకుని, టైముంటే అటే వెళ్లండి.